పదకొండో మంచం వంతు

దుమ్ము 4వ రోజు

డాక్టరమ్మ ఈ పుస్తకం ఇచ్చింది. గాలి ముల్లు ఎక్కడుందో ఒక్కటే కాదు, కంటికి కనపడిందంతా రాయమనింది. నాకు రాత తక్కువ. ఐదో తరగతి దాకా చదివినాను. మాట అంతకంటే తక్కువ. అయినా రాస్తాను.

పొద్దున ఆరుకు దుమ్ము వస్తోందని కొమ్ము ఊదినారు. కిటికీలు మూసి, తలుపులకు తడిగుడ్డలు కట్టినాము. పగలే లైట్లు.

వార్డులో పన్నెండు మంచాలు. అన్నీ నిండినాయి. అందరూ రొమ్ములో దుమ్ము పేరుకున్న వాళ్లే.

నా పని ఇది. ఒక్కో మంచం దగ్గర గోడకు ఒక గాజుగొట్టం, దాంట్లో గోళీ. గాలి ఎంత పోతే గోళీ అంత పైకి లేస్తుంది. దాని కింద నీళ్ల సీసా. కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోయాలి. గాలి ఆ నీళ్లలో బుడగలై పోతేనే ముక్కు ఎండదు. గొట్టం మెలిక పడిందేమో చూడాలి. చెవి వెనక గొట్టం ఒరుసుకుని పుండు పడుతుంది, దూది పెట్టాలి. తర్వాత మేడ మీదికి పోయి జల్లెడ దులపాలి. బయటి గాలి నుంచి ఆక్సిజన్ తీసేది ఆ జల్లెడే. దుమ్ము ముదిరితే పూడుకుంటుంది. ఈరోజు గాలి ఒత్తిడి చూపే ముల్లు నాలుగు మీద ఉంది. మంచిదే.

ఎవరికెంత వదలాలో మిషను చూసుకుంటుంది. ప్రతి ఒక్కరి వేలికీ క్లిప్పు. రక్తంలో గాలి ఎంత శాతమో ఆ క్లిప్పు మిషనుకు చెప్తుంది. మిషను గోళీని లేపుతుంది, దించుతుంది. పై ఆఫీసు వాళ్లు అక్కడ కూర్చుని ఆ శాతాలే చూస్తారు. అందరూ దాన్ని మిషను అంటారు. నేను తూము అంటాను. మా చెరువు ఎండకముందు నేను నీరుగంటిని. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో ముప్పై ఏండ్లు నేనే చూసినాను. చెరువు పోయి పదహారేండ్లయింది.

12వ మంచం కుళ్లాయమ్మది. నాపరాయి గనిలో రాళ్లు కోసిన మనిషి. గోడ పక్కన, వరసలో చివర.

"ఏం మామా, నీళ్ల సీసాలతో మాట్లాడతావు, మాతో మాట్లాడవు. మేమేం పాపం చేసినాం?" అనింది.

నేను దూది మార్చినాను.

"సిగ్గుపడతాండాడు చూడు సంజీవులన్నా" అని పక్క మంచానికి చెప్పింది. 11వ మంచం సంజీవులు. బస్సు డ్రైవరుగా చేసి మానుకున్నాడు. ముక్కుగొట్టంతోనే నవ్వినాడు.

దుమ్ము 6వ రోజు

ముల్లు రెండున్నర. మూడుసార్లు జల్లెడ దులిపినాను. గంటలో మళ్లీ పూడుకుంది.

మధ్యాహ్నం మిషను ముందర డాక్టరమ్మ, ఎస్తేరు సిస్టరు నిలబడినారు. నేను నేల తుడుస్తున్నాను.

"పన్నెండు మందికి చాలదు మేడం. మిషను ఇద్దరికి ఆపమంటోంది."

"ఎవరికి?"

"11, 12."

డాక్టరమ్మ పేరు వహీదా. చిన్న వయసు. ఆమె ఆ అంకెల్ని చూస్తా ఉండిపోయింది. వార్డు ఆ చివర కుళ్లాయమ్మ ఎవర్నో తిడుతోంది.

నేను నోరు తెరిచినాను. ఎందుకు తెరిచినానో తెలియదు.

"డాక్టరమ్మా, మా ఊర్లో ఎంత కరువొచ్చినా చివరి మడిని ఎండబెట్టం."

"మరి ఏం చేస్తారు?"

"వంతు పెడతాం. ఒక మడి నిండినాక దాని గట్టుకున్న మడవ కట్టేసి ఇంకో మడికి వదుల్తాం. ఒక్క చుక్క ఊరికే పారదు. ఇక్కడ మనిషి ఊపిరి వదిలేటప్పుడు కూడా గొట్టంలో గాలి పోతానే ఉంది. సగం నేలపాలు."

ఆమె నా వైపు తిరిగింది. "పీల్చేటప్పుడే వదలాలంటావు. కానీ ఓబులేసన్నా, పన్నెండు మంది వరసగా ఒకరి తర్వాత ఒకరు పీలుస్తారా? ఎవరి ఊపిరి వాళ్లది."

"పైరు కూడా నీళ్లొచ్చినప్పుడే తాగుతుందమ్మా. అలవాటు పడతాది."

"మడికి చాలిందని ఎట్లా తెలుస్తుంది మీకు?"

"నీళ్లు పారేటప్పుడు చూస్తాం."

ఆమె అదంతా మిషనుకు చెప్పింది. 1 నుంచి 12 దాకా వంతు. పారేటప్పుడు చూడడం.

"పెద్దాయన ఒక్కరోజే ఇన్ని మాటలు! దుమ్ము ఆగిపోతాదేమో చూడండి మేడం" అనింది ఎస్తేరమ్మ.

దుమ్ము 9వ రోజు

వంతు నడుస్తోంది. ఒకటో మంచం గోళీ లేచి దిగుతుంది, రెండోది లేస్తుంది, మూడోది. కాలువ వెంట నీళ్లు పోయినట్టు పన్నెండు దాకా పోయి మళ్లీ ఒకటికి వస్తుంది. ఒక చుట్టుకు ఆరు లెక్కపెట్టగలను.

అందరికీ 96. ఎవరినీ ఆపలేదు. కుళ్లాయమ్మ రెండు పూటలా గంజి తాగింది.

పై ఆఫీసు మెచ్చుకుంది. పక్క తాలూకా ఆసుపత్రిలో కూడా వంతు పెట్టమని డాక్టరమ్మను పంపినారు. పోతా పోతా ఆమె నా భుజం తట్టింది. నాకు సిగ్గేసింది. ఆ రోజంతా బాగుండింది.

దుమ్ము 12వ రోజు

దారి మూసేసినారు. డాక్టరమ్మ అక్కడే ఉండిపోయింది. ఫోను ఒక పూట పలుకుతుంది, ఒక పూట పలకదు. ముల్లు రెండు.

నీళ్లు పోస్తా దుప్పట్లు చూసినాను. ఒకటో దుప్పటి లేచింది. దిగింది. రెండోది లేచింది. అందరూ వంతులోనే పీలుస్తున్నారు. మెలకువగా ఉండేవాళ్లు, నిద్రపోయేవాళ్లు, అందరూ. వంతు దాటినాక రొమ్ము కదలదు. రాయి మాదిరి ఉంటారు.

పన్నెండు మంది దగ్గేవాళ్లుండే వార్డు ఇది. దగ్గు లేదు. గోళీల టిక్కు టిక్కు, బుడగలు. అంతే.

ఎస్తేరమ్మకు చూపించినాను.

"మంచిదే కదా పెద్దాయనా. అలవాటు పడతారని నువ్వే అన్నావు."

అవును, నేనే అన్నాను.

నా స్టూలు వరస చివర, 12 తర్వాత ఉంటుంది. దాని మీద కాసేపు కూర్చున్నాను. కుళ్లాయమ్మ పీల్చినాక నేను పీల్చి, మళ్లీ ఆమె పీల్చేదాకా ఆగి ఉన్నానని కొంచెం సేపటికి తెలిసింది. లేచి మేడ మీదికి పోయినాను.

దుమ్ము 14వ రోజు

మాట్లాడడానికి కూడా వంతు అయింది. ఊపిరి ఉన్నప్పుడే కదా మాట. ఒక వంతుకు ఒక్క మాట పడుతుంది.

పొద్దున ఇట్లా అయింది. రెండో మంచం "ఈరోజు" అనింది. మూడోది "గంజిలో" అనింది. నాలుగు "ఉప్పు". ఐదు "లేదు". ఆరు "ఎస్తేరమ్మకు". ఏడు "చెప్పండి". ఒకరి మాట ఆరుమంది చెప్పినారు. తెలుసుకుని చెప్పినట్టు కాదు. నోట్లో ఉన్న నీళ్లు ఊసినట్టు చెప్పినారు.

ఎస్తేరమ్మ ముందు నవ్వింది. తర్వాత నవ్వలేదు.

కుళ్లాయమ్మను అడిగినాను. వంతు వంతుకు ఒక మాటగా జవాబు చెప్పింది. అంతా కలిపి రాస్తున్నాను. "బాగుంది మామా. ఊపిరి తీసే పని మనది కాదు. అదే వస్తాంది."

ఆమె ఇన్ని రోజుల్లో ఎవర్నీ తిట్టకుండా మాట్లాడింది ఇదే మొదలు.

దుమ్ము 16వ రోజు

ముల్లు ఒకటిన్నర. తూము చుట్టును సాగదీసింది. ఇప్పుడు చుట్టుకు ఇరవై లెక్కపెట్టాలి. అంటే మనిషికి నిమిషంలో మూడే ఊపిరులు. మిషను మీద అందరికీ 96.

స్టూలు మీద దూది చుడుతున్నాను. మాటలు మొదలయినాయి. మంచానికొకటి. మధ్యలో కొంచెం ఆగి. వరసగా రాస్తున్నాను.

చివర. స్టూలు. మీద. కూర్చున్నాయన. వంతు. ఎప్పుడు. వస్తాదని. అందరం. చూస్తా. ఉండాం. ఓబులేసూ.

పన్నెండో మాట కుళ్లాయమ్మది. "రా."

అందరూ పైకప్పు చూస్తున్నారు. ఒక్కరూ నా దిక్కు తిరగలేదు.

"ఎందుకు పిలిస్తివి కుళ్లాయమ్మా?" అన్నాను.

ఇరవై లెక్క తర్వాత "ఎవరు", ఇంకో ఇరవై తర్వాత "పిలిస్తిరి" అనింది.

దగ్గరికి పోయి దూది మార్చబోయినాను. అప్పుడు ఆమె చెయ్యి చూసినాను. గోళ్లు నేరేడుపండు రంగు. ఆమె వంతు వచ్చింది, గోళీ లేచింది, ఆమె పీల్చింది. గోళ్ల రంగు కొంచెం విరిగింది. మళ్లీ నల్లబడింది.

వేలి క్లిప్పులో ఎర్రలైటు గోళీ లేచినప్పుడే వెలుగుతోంది. గోళీ దిగగానే ఆరిపోతోంది. తూము ఆమెను పారేటప్పుడే చూస్తోంది. మిగతా సేపు చూడడం లేదు.

నేనే చెప్పినాను అట్లా చూడమని. చెప్పింది సగమే. నీళ్లు పారేటప్పుడు చూస్తాం, నిజమే. అయితే మధ్యాహ్నం ఎండలో, వంతు లేని మడుల్లోకి దిగి కాలి బొటనవేలితో మన్ను ఒత్తి చూస్తాం. వేలు దిగకపోతే ఆ మడికి ముందు వదుల్తాం. నీరుగంటి పని అసలు అదే. నీళ్లున్నప్పుడు ఏ మడి అయినా పచ్చగానే కనపడతాది. ఇది అందరికీ తెలిసిన మాటే కదా అని డాక్టరమ్మకు చెప్పలేదు. ఇంకా మాట్లాడాలంటే సిగ్గయింది.

దుమ్ము 17వ రోజు

ఎస్తేరమ్మకు చెప్పినాను. ఆమె మిషను చూసింది. "96 ఉంది పెద్దాయనా."

"మిషనుకు కలపని క్లిప్పు ఏమన్నా ఉందా అమ్మా?"

ఆమె సంచిలో ఉంది. వాళ్లమ్మ కోసం ఎప్పుడో కొన్నది, వేలికి పెడితే దానిమీదనే అంకె పడేది. కుళ్లాయమ్మ ఇంకో చేతికి పెట్టినాము. వంతు దాటింది. 90. 84. 79. 74. వంతు వచ్చింది. లేచి 96 ముట్టి మళ్లీ దిగింది.

సంజీవులుకు పెట్టినాము. ఆయనది 68 దాకా దిగింది.

ఎస్తేరమ్మ గోడకు ఆనుకుంది. "యేసయ్యా, పదిరోజులుగా..." అనింది.

సాయంత్రానికి ఫోను దొరికింది. డాక్టరమ్మతో నేనే మాట్లాడినాను. సగమే చెప్పినానని చెప్పినాను. 

"ఇక్కడ కూడా అందరికీ 96 ఉంది ఓబులేసన్నా" అనింది. "ఇప్పుడే పోయి వాళ్ల చేతులు చూస్తాను."

వంతు ఆపాలంటే ఇద్దరికి గాలి లేదు. మిషను మళ్లీ 11, 12 అనే అడుగుతుంది. ఏం చేద్దామని ఎస్తేరమ్మ నన్ను అడిగింది. నేను చెప్పినాను. ఎర్రనేలకు ఒక దాహం, నల్లరేగడికి ఒక దాహం. వంతు పెట్టినప్పుడు అందరికీ ఒకటే కొలత పోసినాము. చేత్తో చూసుకుని ఎవరి కొలత వాళ్లకు పోద్దాం.

దుమ్ము 18వ రోజు

పొద్దున్నించి ఇద్దరం అదే పని. మిషను అంకెలను పక్కన పెట్టి, చేతి క్లిప్పు పెట్టి, చేత్తో గోళీ మర తిప్పి, కాసేపు నిలబడి చూడడం. పారేటప్పుడు, పారనప్పుడు.

"92, 93 ఉంటే చాలు పెద్దాయనా. అంతకంటే ఎందుకు?" అనింది ఎస్తేరమ్మ.

ఐదో మంచం దిండ్లు పెట్టి కూర్చోబెడితే గోళీ సగానికి దించినా 93 ఉంది. రెండు, ఎనిమిది బోర్లా పడుకోబెడితే బాగయింది. మూడో మంచానికి గొట్టం మెలిక పడింది, నేను చూసుకోలేదు, అది తీస్తే చాలింది. మిగిలిన గాలి సంజీవులుకు, కుళ్లాయమ్మకు పోసినాము. ముల్లు ఒకటిన్నర మీదనే ఉంది. పన్నెండు మందికీ సరిపోయింది. ఒకరినీ ఆపలేదు.

నాలుగు గంటలకు వంతు ఆపేసినాము. గోళీలన్నీ ఎక్కడివక్కడ నిలిచినాయి. బుడగలు అన్ని సీసాల్లో ఒకేసారి.

ఎస్తేరమ్మ కండ్లు తుడుచుకుంది. నేను స్టూలు మీద కూర్చున్నాను.

ఒకటో దుప్పటి లేచింది. దిగింది. రెండోది లేచింది.

దుమ్ము 19వ రోజు

గాలి ఆగకుండా పోతోంది. వాళ్లు ఆగి పీలుస్తున్నారు. ఒకటి నుంచి పన్నెండు దాకా. అదే ఇరవై లెక్క. వంతు పెట్టే తూము ఏదీ లేదు. చేతి క్లిప్పు అంకెలు కొంచెం మెరుగే, కానీ దిగుతానే ఉన్నాయి.

పేరు పెట్టి పిలిచినాము. చల్లనీళ్లు చల్లినాము. పదో మంచం మద్దిలేటి నేత పనివాడు, గట్టి మనిషి. భుజాలు పట్టి కుదిపినాను. నా మొహం చూసినాడు. వంతు వచ్చినాక "ఆగు" అన్నాడు.

సంజీవులు మొహం వాడిపోయింది. పదిరోజుల కరువు ఆయన గుండె మీద పడింది అంటోంది ఎస్తేరమ్మ.

దుమ్ము 20వ రోజు

పదకొండు గంటలప్పుడు సంజీవులు పోయినాడు.

ఎట్లా జరిగిందో అట్లా రాస్తాను. పదో దుప్పటి లేచి దిగింది. పదకొండోది లేవలేదు. ఎస్తేరమ్మ పరిగెత్తి వచ్చి ఆయన రొమ్ము మీద రెండు చేతులూ పెట్టి ఒత్తింది. ఆయన లోపలి గాలి బయటికి వచ్చింది. ఆ చప్పుడుకు పక్కన కుళ్లాయమ్మ పీల్చింది. ఒకటి పీల్చింది. రెండు. మూడు. వరస నడిచింది.

ఎస్తేరమ్మ అరగంట ఒత్తింది. ఆయన ఊపిరికీ వాళ్ల ఊపిరికీ తేడా నాకు తెలియలేదు. చివరికి ఆమె చేతులు తీసేసింది. "పోయినాడు పెద్దాయనా" అనింది.

పది పీల్చింది. తర్వాత ఏమీ లేదు.

కుళ్లాయమ్మ పదకొండో మంచాన్ని చూస్తా ఉంది. కండ్లు తెరిచే ఉన్నాయి. రొమ్ము కదల్లేదు. ఆమె పీల్చనిదే ఒకటో మంచం పీల్చదు. వార్డంతా ఆగిపోయింది. అన్ని సీసాల్లో బుడగలు వస్తానే ఉన్నాయి, ఒక్కరూ పీల్చడం లేదు.

"కుళ్లాయమ్మా!" ఎస్తేరమ్మ చెంప మీద కొట్టింది. క్లిప్పు 80 అనింది. 75. "పీల్చు తల్లీ! పీల్చు!" 70.

కుళ్లాయమ్మ చూపు నా మీదికి తిరిగింది. భయం లేదు ఆ చూపులో. కాలువ గట్టు మీద కూర్చుని నీళ్ల కోసం చూసే రైతు చూపు. 66.

నేను స్టూలు మీద నుంచి లేచినాను. సంజీవులు కాళ్లు పక్కకు జరిపి, ఆయన మంచం మీద కూర్చున్నాను. గట్టిగా, అందరికీ వినపడేటట్టు పీల్చి వదిలినాను.

కుళ్లాయమ్మ రొమ్ము లేచింది.

ఒకటో మంచం. రెండు. మూడు. వరస మద్దిలేటి దాకా వచ్చింది. ఆయన వదిలినాడు. నాకు వచ్చింది. నేను పిలవలేదు, అదే వచ్చింది.

దుమ్ము 21వ రోజు

పైన నిన్నటిది, కింద ఈరోజుది, రెండూ ఇప్పుడే రాస్తున్నాను. మంచం మీద పుస్తకం పట్టుకోలేకపోయినాను.

ఎస్తేరమ్మ సంజీవులును తోపుడు బండి మీదికి మార్చి తీసుకపోయింది. నేను ఆయన చోట పడుకున్నాను. లేస్తే కుళ్లాయమ్మ ఆగిపోతుంది. రాత్రంతా అక్కడే.

లోపల ఎట్లుంటుందో రాయాలి. బరువు ఉండదు. మద్దిలేటి ఊపిరి అయినాక నాది వస్తుంది, పోతుంది, తర్వాత ఒడ్డున ఉన్నట్టు ఉంటుంది. తొందర లేదు. నా మాట కాని మాటలు నోట్లోకి వస్తాయి. "మన్ను" అన్నాను ఒకసారి. దానికి ముందు మాట ఎవరిదో, తర్వాతి మాట ఏమిటో తెలియదు. అట్లే ఉండిపోవచ్చు అనిపించింది. అదే భయం వేసింది.

పొద్దున కుళ్లాయమ్మ పెదవులు చూసినాను. మసి పూసినట్టు ఉన్నాయి. ఇంకో రోజు ఆగదు. ఆమె సంజీవులు కోసం ఆగింది, నా కోసం ఆగుతోంది. ఆమె ఆమె కోసం పీల్చాలి. ఆ మనిషికి ఆగకుండా వచ్చేది ఒకటే, తిట్టు.

నా వంతులో నోటికి ఏదొస్తే అది రానీకుండా పండ్లు బిగబట్టి నా మాట పెట్టినాను. వంతుకు ఒకటి.

"నీ."

ఇరవై లెక్క.

"రాళ్లు."

ఎస్తేరమ్మ నాకు మతి పోయిందనుకుని దగ్గరికి వచ్చింది.

"అన్నీ."

కుళ్లాయమ్మ కనుబొమ్మ కదిలింది.

"వంకర."

ఆమె నా దిక్కు తిరిగింది. ఆమె వంతు వచ్చింది, పీల్చింది, అంతే. ఇరవై లెక్క.

"గని."

"మేస్త్రీ."

"చెప్పినాడు."

నా మాట అయింది. ఆమె వంతు అయింది. వరస ఒకటికి పోయింది, రెండుకు, మూడుకు. మూడో మంచం దుప్పటి లేచి ఉంది. అప్పుడు, అది ఆమె వంతే కాదు, కుళ్లాయమ్మ గొంతు మేడ లేచిపోయేటట్టు లేచింది.

"ఎవుడ్రా వంకరన్నది! యా మేస్త్రీరా! నేను కోసిన బండ మీద గుండు పెడితే దొర్లదురా! దిక్కుమాలినోడా, నీళ్లు పోసేటోడా, రాయంటే ఏందో తెలుసునా నీకు!"

ఒక్క ఊపిరితో కాదు. నాలుగు ఊపిరులు తీసింది దానికి. తర్వాత దగ్గింది. నాలుగో మంచం దగ్గింది. తొమ్మిది దగ్గింది. ఐదోది "నీళ్లు నీళ్లు" అని ఏడ్చింది. పన్నెండు సంతలు ఒకచోట చేరినట్టయింది వార్డు. ఎవరి ఊపిరి వాళ్లది, ఎగుడుదిగుడుగా, గురగురగా. అంత మంచి చప్పుడు నేను వినలేదు.

ఎస్తేరమ్మ మంచం మంచానికీ ఉరికి క్లిప్పు పెట్టి చూసింది. 92. 93. 91. కుళ్లాయమ్మకు 92. నిలిచింది. దిగలేదు.

"ఇంకా తిట్టు అక్కా" అనింది ఎస్తేరమ్మ ఏడుస్తా నవ్వుతా.

"తిట్టనా మరి! పక్క మంచంలో పండుకుని నన్నంటాడా!"

దుమ్ము 27వ రోజు

దుమ్ము ఆగింది. పొద్దున రెండు కొమ్ములు ఊదినారు. తలుపుల గుడ్డలు విప్పినాము. ముల్లు నాలుగు మీద ఉంది.

నిన్న దారి తెరవగానే డాక్టరమ్మ వచ్చింది. అక్కడ ఆరుగురు పోయినారట. ఇక్కడ ఒకరు. ఆమె ప్రతి మంచం దగ్గర నిలబడి, పీల్చనప్పుడు కూడా, గోళ్లు చూసింది. ఈ పుస్తకం రేపు తీసుకుంటానని చెప్పింది.

కుళ్లాయమ్మను ఈరోజు ఇంటికి పంపినారు. చిన్న సిలిండరు ఇచ్చి, రోజుకు నాలుగు గంటలు పెట్టుకోమన్నారు. తలుపు దగ్గర నిలబడి, "పోతాండా మామా. మా ఊరికి రా, బండలు చూపిస్తా. వచ్చి చూసి వంకరని అను, అప్పుడు చెప్తా నీ సంగతి" అనింది.

జవాబు చెప్పాలనుకున్నాను. ఊపిరి రాలేదు. వచ్చేసరికి ఆమె బండి ఎక్కింది.

డాక్టరమ్మా, నోటితో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. వార్డులో అందరూ వంతు నుంచి బయటపడినారు. నేను పడలేదు. ఎస్తేరమ్మ క్లిప్పు అడిగి తీసుకుని చూసుకున్నాను. 92 నుంచి 81 దాకా దిగుతుంది, మళ్లీ లేస్తుంది. పని చేసేటప్పుడు, అన్నం తినేటప్పుడు, మేడ ఎక్కేటప్పుడు కూడా ఇరవై లెక్కే. మద్దిలేటి ఊపిరి అయినాకనే నాకు వచ్చేది. ఆయన పోతే విడిపోతాదిలే అనుకున్నాను.

ఆయన పొద్దున్నే వాళ్లూరికి పోయినాడు. పదో మంచం ఖాళీ. గొట్టం విప్పి కడిగినాను, గోళీ కిందికి దించినాను, సీసా బోర్లించినాను. దుప్పటి నేనే నాలుగు మడతలు పెట్టి మంచం మీద ఉంచినాను.

ఇప్పుడు స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. ఆ దుప్పటి కొంచెం లేస్తుంది. దిగుతుంది. అప్పుడు నాకు వస్తుంది.